సీజన్ ముగిసింది... అమ్మ లేచింది!

“సీజనెప్పుడు?” అని బోధన్‌లో అడిగితే ఒకప్పుడు “ఏ సీజను?” అని ఎదురు ప్రశ్న వేసేవారు ఉండేవారు కారు. సీజనంటే చెరకు సీజనే! శక్కర్‌నగర్‌లో క్రషింగ్ మొదలైందా, బండ్లు బారులు తీరాయా, ఎన్నాళ్లు నడుస్తుంది - ఇవే లెక్కలు. నిజాం కాలంలో, 1937లో పుట్టి, ఒకనాడు ఆసియాలోకెల్లా పెద్దదని పేరు తెచ్చుకొన్న ఆ నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. ఫ్యాక్టరీ ఆగినా మాట మాత్రం ఆగలేదు. ఇప్పుడు అదే ఊళ్లో ఇంటరూ డిగ్రీ చదివే కుర్రకారు “సీజన్ ఒడిసింది, చూసినవా?” అని అడిగితే, వారడిగేది చెరకు సంగతి కాదు. జపాను బొమ్మల సంగతి!

తెలియని పెద్దలకోసం రెండు ముక్కలు. జపానువారి బొమ్మల చిత్రాలకూ, ధారావాహికలకూ యానిమే అని పేరు. అక్కడ టీవీకి ఏడాదిలో నాలుగు సీజన్లు - జనవరిలో ఒకటి, ఏప్రిల్‌లో ఒకటి, జూలైలో ఒకటి, అక్టోబరులో ఒకటి. ఒక్కోటి 12, 13 వారాలు. వారానికొక భాగం, ఇరవై నాలుగు నిమిషాలకు కాస్త అటూ ఇటూ. పదమూడో వారం దాటేసరికి కథ తీరానికి చేరనీ, చేరకపోనీ, దుకాణం కట్టేస్తారు. మళ్లీ కొత్త సరుకు. ఆ మాటకొస్తే చెరకు సీజన్‌కీ దీనికీ పెద్ద తేడా లేదు సుమా!

ఈ వారం మన శీర్షిక ఆ ప్రేక్షకులది. మొదటి రోజు మొదటి ఆట చూసి వచ్చినవాడి మాట అందరూ రాస్తారు. చివరిదాకా చూసి, నెలలు గడిచాక, మనసులో ఏం మిగిలిందని అడిగేవారు తక్కువ. నిజామాబాద్ పట్టణంలోనూ, బోధన్ చుట్టుపక్కలా మేమడిగింది అదే. అడిగింది బొమ్మల గురించి. వచ్చిన జవాబులు మాత్రం ఇళ్ల గురించి!

మనకు కొత్తేమీ కాదు

జపాను బొమ్మలు మన ఇళ్లలోకి నిన్న మొన్న వచ్చినవి కావు. 1993లో దూరదర్శన్‌లో ఆదివారంనాడు వచ్చిన ‘జంగిల్ బుక్’ గుర్తుందా? గుల్జార్ రాసిన పాట, విశాల్ భరద్వాజ్ బాణీ, షేర్ ఖాన్‌కు నానా పటేకర్ గొంతు! చూసినవారిలో చాలామందికి అది జపానులో 1989లో తీసిన ధారావాహిక అని తెలియనే తెలియదు. మహారాష్ట్ర సరిహద్దును ఆనుకొని ఉన్న బోధన్‌లో తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ వీధిలోనే వినబడతాయి కనుక హిందీ మోగ్లీ ఎవరికీ పరాయివాడు కాలేకపోయాడు.

మన రామాయణాన్నే జపానువారు తీశారు కూడా. యూగో సాకో అనే ఆయన మన రామ్ మోహన్ వంటి వారిని కలుపుకొని 1992లో పూర్తిచేసిన ‘రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ’ 2025 జనవరి 24న తెలుగు మాటలతో థియేటర్లకు వచ్చింది. ముప్ఫైయేళ్లు ఆలస్యమైనా రాముడు తెలుగులో మాట్లాడాడు!

సరిగ్గా ఆ జనవరిలోనే, అరచేతిలో ఫోనుమీద, ఇంకో కథ తెలుగులో నడుస్తున్నది. దానిపేరే ‘సోలో లెవెలింగ్’.

జానపదమే, చొక్కా మార్చింది

కొరియాలో చుగాంగ్ అనే రచయిత రాసిన నవల అది. బొమ్మల కథగా గీసినవాడు డుబు. ఆ చిత్రకారుడు 2022లో, 37వ ఏట, తన గీతలు తెరమీద కదలడం చూడకుండానే కన్నుమూశాడు. జపానులో ఎ-1 పిక్చర్స్ వారు తీశారు. 2024 జనవరి నుంచి మార్చి వరకు 12 భాగాలు, 2025 జనవరి నుంచి మార్చి వరకు మరో 13. మొత్తం 25. క్రంచీరోల్ అనే సంస్థ తన యాప్‌లో తెలుగు మాటలతో కూడా అందించింది.

కథ ఏమిటంటారా? ఎక్కడ పడితే అక్కడ గాలిలో ద్వారాలు తెరుచుకొంటాయి. లోపల గుహలు, రాక్షసులు. వాటిని వేటాడటానికి శక్తులున్న వేటగాళ్లు. వారికి శ్రేణులున్నాయి. అందరిలోకీ అడుగున ఉన్నవాడు మన హీరో సుంగ్ జిన్‌వూ. దెబ్బలు తినడమే తప్ప కొట్టడం రాదు. అయినా గుహకు పోతాడు. ఎందుకూ? తల్లి తీరని నిద్రలో ఆసుపత్రిలో పడి ఉంది. చెల్లెలి చదువుంది. తండ్రి పదేళ్ల కిందట అలాంటి ద్వారంలోకే వెళ్లి తిరిగి రాలేదు. ఒకనాడు చావు అంచుదాకా పోయి వచ్చిన జిన్‌వూకు వింత వరం దక్కుతుంది. రోజూ 100 దండీలు, 100 గుంజీలు, ఇంకో 100 పొట్ట కసరత్తులు, 10 కిలోమీటర్ల పరుగు - చేస్తే బలం పెరుగుతుంది, మానితే శిక్ష. పోలీసు ఉద్యోగాలకోసం తెల్లవారుజామున గ్రౌండ్లో పరుగులు తీసే మన కుర్రాళ్లకు ఈ లెక్క విడమరచి చెప్పాలా!

ఇక్కడ మన పాత ప్రేక్షకులు నవ్వుతారు. గుహ, రాక్షసుడు, వరం, పేదింటి కుర్రాడు... ఇది మనకు తెలియనిదా? 1951లో ‘పాతాళ భైరవి’లో తోటమాలి కొడుకు తోట రాముడు చేసిందేమిటి? విఠలాచార్య గారు తీసిన జానపదాల్లో కాంతారావు గుర్రమెక్కి పోయింది ఎక్కడికి? నేలటికెట్టులో కూర్చుని ఈలలు వేసిన తాతలకు జిన్‌వూ బాగా తెలిసినవాడే. కత్తీ గుర్రమూ పోయి ఫోనూ నల్లకోటూ వచ్చాయి, అంతే తేడా!

మెచ్చినవి, నొచ్చినవి

ఇక ప్రేక్షకుల తీర్పు. తగువు లేకుండా తీర్పేముంది!

మెచ్చినవారు ముందు పోరాటాల్ని మెచ్చారు. రెండో సీజన్ చివర జేజు దీవిలో చీమల రాజుతో జరిగే యుద్ధం ఫోనులో చూడవలసింది కాదనీ, పెద్ద తెరమీద పడవలసిందనీ నిజామాబాద్ కాలేజీ కుర్రాళ్ల ఏకగ్రీవ తీర్మానం. హిరోయుకి సవానో సంగీతం చెవుల్లో మోగుతూనే ఉందన్నారు. 2025 మే నెలలో టోక్యోలో క్రంచీరోల్ వారిచ్చిన బహుమతుల్లో ‘ఏటి మేటి యానిమే’ బిరుదు దీనికే దక్కింది. ‘ఫ్రీరెన్’ అనే ఇంకో ధారావాహికను ప్రేమించినవారు ఆ రోజున బాగా నొచ్చుకొన్నారు. నిజామాబాద్‌లోనూ అటువంటివారు లేకపోలేదు. “ఫ్రీరెన్ మనసుకి, జిన్‌వూ కండకి” అని ఒక హాస్టల్ అమ్మాయి తేల్చేసింది.

నొచ్చినవారి మాట కూడా వినాలి. ముప్పాతిక కథ నడిచేసరికి హీరో ఓడతాడన్న భయమే లేదట. ఎదుటివాడు ఎంత పెద్దవాడైతే హీరో అంతకంటె పెద్దవాడు! తక్కిన వేటగాళ్లు దెబ్బలు తిని కిందపడి, “అబ్బ, ఎంతటివాడు!” అని హీరోను చూసి ఆశ్చర్యపోవడానికే ఉన్నారన్నది ఫిర్యాదు. ఇది మన పెద్ద హీరోల బొమ్మలమీద కూడా ఉన్న ఫిర్యాదే కాబట్టి కొట్టిపారేయలేం. తొమ్మిది భాగాలు ఎదురుచూస్తే ఒక భాగంలో చెప్పవలసింది చెప్పి, మళ్లీ హడావిడి పడ్డారని ఇంకొకరు.

ఒక్క సన్నివేశం దగ్గర మాత్రం రెండు పక్షాలూ మెత్తబడ్డాయి. జిన్‌వూకు చనిపోయినవారిని “లే!” అని ఆజ్ఞాపించి నీడలుగా లేపే శక్తి ఉంది. అలా లేచినవారు అతని సైనికులు. జేజు దీవిలో వైద్యం తెలిసిన మిన్ బ్యుంగ్ గ్యూ అనే వేటగాడు చనిపోతాడు. చావుబతుకుల్లో ఉన్న చా హే ఇన్‌ను కాపాడటానికి జిన్‌వూ ఆయన్ని లేపుతాడు. పని అయ్యాక సైన్యంలో కలుపుకోకుండా విడిచిపెడతాడు. “చేతిలో ఉన్నదాన్ని వదిలిండు సూడు, అక్కడ హీరో అయిండు” అన్నాడు కుర్రాళ్లలో ఒకడు. నూరు పోరాటాలు చేయలేని పని అది.

మందు ఖర్చు

ఇంతవరకు చెప్పినవి ఏ ఊళ్లో అడిగినా వచ్చే జవాబులే. బోధన్‌లోనూ, ఆ చుట్టుపక్కల ఊళ్లలోనూ వచ్చిన జవాబు వేరు.

జిన్‌వూకు అంత బలం వచ్చింది గదా, చచ్చినవాణ్ణి లేపగలడు గదా, మరి బతికున్న తల్లిని “లే” అంటే లేచిందా? లేదు. ఆమెకు మందు కావాలి. ఆ మందు తయారు కావడానికి కావలసిన వస్తువులు రాక్షసుల కోటలో అంతస్తు తర్వాత అంతస్తు ఎక్కి తేవాలి. తెచ్చాడు. మందు తల్లి నోట్లో పోశాడు. తల్లి కళ్లు తెరిచింది. కత్తి లేదు, అరుపు లేదు. అప్పటిదాకా రాయిలా ఉన్నవాడు అమ్మ ఒడిలో చిన్నపిల్లాడై ఏడ్చాడు. మేమడిగినవారిలో ఆడవాళ్లంతా, మగవాళ్లలో సగంమందీ చెప్పింది ఈ ఘట్టమే. చీమల రాజును మరిచిపోయినవారున్నారు గాని, ఈ మందును మరిచినవారు లేరు.

ఎందుకు మరుస్తారు? ఇంట్లో ఒకరు మంచాన పడితే ఖలీల్‌వాడి ఆసుపత్రుల వీధిలో ఫైలు పట్టుకొని తిరగడం ఈ జిల్లాలో ఏ ఇంటికి తెలియదు? మందుల చీటీ చూసి, జేబు చూసుకొని, ఎవరికి ఫోను చేయాలా అని ఆలోచించడం ఎవరికి తెలియదు? ఆ అప్పు తీర్చడానికి దుబాయి, మస్కట్, సౌదీ విమానమెక్కినవారు నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్ జిల్లాల్లో ఎంతమంది! జిన్‌వూ గుహకు పోయినట్టే వారూ పోయారు. శక్తి చాలునా చాలదా అని చూసుకొని కాదు, ఇంటికి డబ్బు కావాలి గనుక.

బోధన్‌లో ఒక ఇంట్లో విన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాం. కొడుకు ఫోనును గోడకు ఆనించి చూస్తున్నాడు. తల్లి చాట ముందర పెట్టుకొని బీడీలు చుడుతూ వింటున్నది.

“ఏమాయెరా, ఆ పోరని అవ్వ లేసిందా?”

“లేసిందవ్వా. మందు దొరికింది.”

“మంచిగాయె. మరి నాయిన?”

“నాయిన ఉన్నడు. ఇంటికి రాలే.”

“ఎన్నేండ్లాయె పోయి?”

“పదేండ్లు.”

ఆమె మరేమీ అడగలేదు. కట్ట కట్టి పక్కన పెట్టి ఇంకో ఆకు తీసుకొంది.

కథలోనూ అంతే. రెండో సీజన్లో తండ్రి బతికే ఉన్నాడని ప్రేక్షకులకు తెలుస్తుంది. ఇంట్లోవారికి తెలియదు. ఆ 25 భాగాలూ అక్కడికి ఆగిపోయాయి. “తండ్రి సంగతి తేల్చకుండా సీజన్ ఎట్లా ఆపారు?” అని కోపగించుకొన్నవారిలో ఎక్కువమంది గల్ఫ్ ఇళ్ల పిల్లలే. వారు కథలో లోపం పట్టుకొన్నారనుకోవద్దు. వారికి కావలసింది వారడిగారు.

చేతులు ఖాళీ లేనివారి తెలుగు

ఇక్కడే అసలు విషయానికి వస్తాం. ఆ తల్లి ఆ ప్రశ్నలు ఎలా అడగగలిగింది? కథ తెలుగులో వినబడింది గనుక!

యానిమేను జపాను గొంతులతో, కింద ఇంగ్లీషు అక్షరాలతో చూడటమే అసలైన చూపు అని వాదించే కుర్రాళ్లు మనకున్నారు. వారి వాదంలో న్యాయం ఉంది. నటుడి గొంతు నటుడి గొంతే. కాని అక్షరాలు చదవాలంటే కళ్లు ఖాళీగా ఉండాలి. బీడీలు చుట్టే చేతులకు కళ్లు తోడు కావాలి, ఆకు కొలత తప్పితే బీడీ పనికిరాదు. నిజామాబాద్ జిల్లాలో అలా చాట ముందర కూర్చునే ఆడవాళ్లు వేలకు వేలు. వంట చేసే ఆమె, పసుపు ఎండబోసే ఆమె, చూపు మందగించిన నానమ్మ - వీళ్లందరికీ సినిమా అంటే ముందు చెవికి చేరేది. ఇంగ్లీషు మీడియంలో చదివే పిల్లవాడు తెలుగు మాటలు పెట్టుకొన్నాడంటే ఇంగ్లీషు రాక కాదు, అవ్వ కూడా వింటుందని.

తెలుగువారికి డబ్బింగ్ కొత్త విద్య కాదు. 1950లో ‘నీరా ఔర్ నందా’ అనే హిందీ చిత్రం ‘ఆహుతి’గా తెలుగైనప్పుడు మాటలూ పాటలూ సమకూర్చినవాడు సాక్షాత్తూ శ్రీశ్రీ! పెదవి మూసినచోట ప, బ, మ పడాలి, తెరిచినచోట అచ్చు సాగాలి - ఆ లెక్కతో మహాకవి కుస్తీ పట్టాడు. ఆ తర్వాత రాజశ్రీ వంటివారు దాన్నొక కళ చేశారు.

బొమ్మలకు ఆ బాధ కొంత తక్కువ. సెకనుకు 24 ఫ్రేములు గదా. టీవీ యానిమేలో ఒక్కో గీతను మూడేసి ఫ్రేములపాటు నిలిపి, సెకనుకు ఎనిమిది బొమ్మలతో సరిపెట్టే పద్ధతి ఉంది. 1963లో ‘ఆస్ట్రో బాయ్’ నాటినుంచి ఖర్చు తగ్గించుకొనేందుకు పట్టిన దారి అది. నోటికి కూడా మూసింది, సగం తెరిచింది, పూర్తిగా తెరిచింది అని మూడు బొమ్మలు చాలు. కనుక మాటలు రాసేవారికి చోటు దొరుకుతుంది.

ఇంకొక సదుపాయం కూడా ఉంది, దీన్ని పెద్దగా ఎవరూ గమనించినట్టు లేదు. జపాను వాక్యం మన వాక్యంలాగే క్రియతో ముగుస్తుంది. “వాణ్ణి నేను ఈ జన్మలో...” అని ఆగి, “వదలను” అని ముగించగలం. వదులుతాడో వదలడో చివరిదాకా తెలియదు. జపాను నటుడూ అక్కడే ఆగుతాడు. ఇంగ్లీషులో ‘నాట్’ ముందే వచ్చి గుట్టు విప్పేస్తుంది. వరసలు కూడా అంతే. జపాను చెల్లెలు అన్నను పేరుపెట్టి పిలవదు. ఇంగ్లీషులో పేరే గతి. మనకు అన్నా, అక్కా, మామా, బాబాయ్ అన్నీ సిద్ధంగా ఉన్నాయి. అన్నింటికన్నా తెలుగులోనే ఆ కథ ఇంటికథలా వినబడటానికి కారణం ఇదే.

మరి లోపం? ఉంది. ఆ తెలుగు పుస్తకంలోంచి లేచి వచ్చిన తెలుగని నిజామాబాద్ ప్రేక్షకుల ఫిర్యాదు. ద్వారం దగ్గర బరువులు మోసే కూలీ, అధికారి, రాక్షసరాజు అందరూ ఒకటే భాష మాట్లాడితే ఎవరు ఎవరో గుర్తెలా పడతారు? జిన్‌వూ ఇల్లు గడవని ఇంటి కుర్రాడు. వాడి నోట ‘దయచేసి నన్ను క్షమించండి’ అన్న తరహా మాట వస్తే అవ్వకు నవ్వొస్తుంది. 2017లో శేఖర్ కమ్ముల ‘ఫిదా’లో బాన్సువాడ పిల్ల భానుమతిగా సాయిపల్లవి తన సొంత గొంతుతో మన యాసలో మాట్లాడితే రాష్ట్రాలు దాటి మెచ్చుకొన్నారు. ఆ నటి తెలుగు నేలలో పుట్టిన పిల్ల కాదు. ఆమెకు కుదిరింది బొమ్మలకు కుదరదా? రాక్షసరాజు గంభీరంగా గ్రాంథికం పలకనీ. కూలీవాడు బోధన్ మాట మాట్లాడనీ. ఎవరి నోటికి తగ్గ మాట వారికి ఇవ్వమనే అడుగుతున్నాం.

అసలు కథను మార్చరాదంటారా? జపానులో ప్రసారమైన ప్రతిలో జిన్‌వూ పేరు జిన్‌వూ కాదు, మిజుషినో షున్! తమ ప్రేక్షకులకోసం హీరో పేరునే మార్చుకొన్నారు తీసినవారు. మేమడిగేది పేరు కాదు, పలుకు.

బకాసురుడి ఊళ్లో

సీజన్ ఒడిసిన ఆరు నెలలకు, 2025 సెప్టెంబరు 12న, ఇంకో జపాను బొమ్మ ఏకంగా థియేటర్లకే వచ్చింది, తెలుగు మాటలతో. ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్’. అదే రోజున మన ‘మిరాయ్’, ‘కిష్కింధపురి’ కూడా విడుదలయ్యాయి. అంత పోటీలోనూ కుర్రకారు దీనికి టికెట్టు కొన్నారు. మూడు చిత్రాల్లో ఇది మొదటిది. రెండున్నర గంటలు దాటిన నిడివి.

బొగ్గులమ్ముకొనే కుర్రాడు తంజిరో. ఇంట్లోవారిని రాక్షసుడు చంపాడు, చెల్లెల్ని రాక్షసిగా మార్చాడు. దాంతో కత్తి పట్టాడు. రాక్షస సంహారం కథ బోధన్‌కు చెప్పాలా! ఏకచక్రపురం ఇదేనని, బండెడు అన్నం తోలుకుపోయి భీముడు బకాసురుణ్ణి చంపింది ఇక్కడేనని స్థానికుల నమ్మకం. ఊళ్లో రాకాసిపేట అని పేరున్న పేటే ఉంది.

అయితే భీముడి కథకూ దీనికీ ఒక తేడా కనిపెట్టారు మనవాళ్లు. బకాసురుడు ఎందుకు రాక్షసుడయ్యాడో మనం అడగం. ఇందులో అకజా అనే రాక్షసుడు చచ్చేముందు వాడి పాత జీవితం కనబడుతుంది. జబ్బుపడ్డ తండ్రి మందుకోసం దొంగతనాలు చేసిన పిల్లవాడు వాడు. తనకోసం కొడుకు దొంగ కావడం చూడలేక తండ్రి ప్రాణం తీసుకొన్నాడు. తరువాత వాణ్ణి చేరదీసిన గురువునీ, పెళ్లాడవలసిన పిల్లనీ గిట్టనివారు బావిలో విషం కలిపి చంపారు. అక్కడినుంచి వాడు మనిషి కాలేదు.

“రాక్షసుడు చస్తుంటే హాల్లో ఏడ్పులు వినబడ్డయి” అని చెప్పారు చూసినవారు. 1977లో ‘దాన వీర శూర కర్ణ’లో దుర్యోధనుడి పక్షంనుంచి కథ చెప్పించుకొని చప్పట్లు కొట్టిన జాతి మనది, ఆశ్చర్యమేముంది!

ఇక్కడా మందే, చూశారా? ఒక కొడుకు మందు తెచ్చి తల్లిని లేపుకొన్నాడు. ఇంకొక కొడుకు మందు తేబోయి తండ్రిని పోగొట్టుకొన్నాడు. ఒకడు హీరో, ఒకడు రాక్షసుడు. మధ్యలో ఉన్నది చేతికి అందిన ఆసరా ఒక్కటే. సీజన్ మొత్తంమీద నిజామాబాద్ ప్రేక్షకుల మనసులో నిలిచింది ఈ లెక్కేనని మాకు తోచింది. ఎవరో విమర్శకుడు చెప్పగా కాదు, వారికి వారుగా ఈ రెండు కథల్నీ పక్కపక్కన పెట్టి చూసుకొన్నారు.

మళ్లీ సీజన్

బొమ్మలు పిల్లల కాలక్షేపమని తీసిపారేసే పెద్దలకు ఒక మనవి. ఒక్క సాయంత్రం పక్కన కూర్చోండి. తెలుగు పెట్టమనండి. మొదటి పది నిమిషాలు పేర్లు నోరు తిరగవు, తర్వాత కథ అదే పట్టుకొంటుంది. ఇల్లు విడిచి దూరం పోయినవారున్న ఇంట్లో పిల్లలు ఏ ఘట్టం దగ్గర మాట్లాడకుండా అయిపోతారో గమనించండి. వారు చెప్పని మాటలు కొన్ని అక్కడ తెలుస్తాయి.

కుర్రకారుకు కూడా ఒక మాట. తెలుగు మాటలు బాగాలేవని వెక్కిరించి జపాను గొంతుకు మారిపోవడం తేలిక. వినేవారు తగ్గితే రేపు తెలుగు చేయించేవారు “ఎవరికోసం?” అని అడుగుతారు. అప్పుడు నష్టపోయేది మీరు కాదు, మీకు ఇంగ్లీషు వచ్చు. చాట ముందర కూర్చున్నామె నష్టపోతుంది. కనుక బాగున్నచోట బాగుందనీ, బాగాలేనిచోట ఇక్కడ బాగాలేదనీ, ఎలా ఉంటే బాగుంటుందో కూడా చెబుతూ చేయించినవారికి రాయండి. మా మాట మాకు రాయండి, ఈ శీర్షిక మీదే.

డబ్బింగ్ చేయించే సంస్థలవారికీ ఒక్క విన్నపం. మాటలు రాసినవారి పేరూ, గొంతులిచ్చినవారి పేర్లూ ప్రతి భాగం చివరా తెలుగక్షరాల్లో, చదవగలిగేంతసేపు వేయండి. మన గొంతు ఎవరిదో తెలిస్తే మెచ్చుకోవడానికీ, తిట్టుకోవడానికీ ఒక అడ్రసు ఉంటుంది. పేరు పడితే పనిమంతుడు ఇంకా శ్రద్ధ పెడతాడు.

సీజన్ ఆగితే ఏమవుతుందో బోధన్‌వారికి ఇంకొకరు చెప్పనక్కరలేదు. పదేళ్లకు పైగా చూస్తున్నారు. చెరకు ఉన్న చేలల్లో వరి వచ్చింది, క్వార్టర్లలోని పిల్లలు ఊళ్లు పట్టిపోయారు. అందుకే ఇక్కడి ప్రేక్షకుడు ఏ కథనైనా చూసి ముందు అడిగేది “మళ్లా ఎప్పుడు?” అనే. ఈ శీర్షికకోసం అడుగుతూ తిరిగినప్పుడు ఆ ప్రశ్నే అన్నిటికన్నా ఎక్కువసార్లు వినబడింది. కొందరు జిన్‌వూ గురించి అడిగారు, కొందరు తంజిరో తరువాతి బొమ్మ గురించి అడిగారు. శక్కర్‌నగర్ గేటు దగ్గర టీ తాగుతున్న ఒక పెద్దాయన మాత్రం, మా ప్రశ్న సగం వినగానే, ఫ్యాక్టరీ గురించి అనుకొన్నాడు.